అవయవదానం: గుంటూరు, విజయవాడల్లో మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసేవాడు. ఇల్లు బ్రాడీపేటలో. ఒకరోజు రాత్రి పని ముగించుకుని వస్తూ స్కూటర్ మీంచి పడ్డాడు, హెల్మెట్ లేదు. మూడోరోజు ఐసీయూలో డాక్టర్లు బ్రెయిన్ డెడ్ అన్నారు. కాసేపటికి ఒక కోఆర్డినేటర్ అమ్మాయి వచ్చి, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, అవయవదానం గురించి చాలా మెల్లిగా అడిగింది. పిన్ని మా అందరి మొహాల వంకా చూసింది. "ఆయన ఎప్పుడూ నాతో ఈ మాట అనలేదమ్మా, నేనెలా ఒప్పుకునేది" అంది. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. వద్దన్నాం.

పెద్దకర్మ అయిన మర్నాడు ఎల్‌ఐసీ కాగితాల కోసం ఆయన పర్సు తీస్తే, గ్యాస్ రసీదుకీ ఆధార్ కార్డుకీ మధ్య, చెమటకి అంచులు మెత్తబడిపోయిన డోనర్ కార్డు బయటపడింది. ఎప్పుడో రక్తదాన శిబిరంలో ఇచ్చింది. కింద ఆయన సంతకం, తన పేరు రాసుకునేటప్పుడు చివర గీసే ఆ పొడుగు గీతతో సహా. పిన్ని ఆ కార్డు పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పటినుంచి ఈ విషయం దొరికినంత చదివాను, డాక్టర్లని, కోఆర్డినేటర్లని అడిగాను. ఇప్పుడు పెళ్ళిళ్ళలో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో జనం నన్ను అడుగుతున్నారు. ఎక్కువగా అడిగేవి, నాకు తెలిసిన జవాబులతో ఇక్కడ పెడుతున్నాను.

అసలు ఏమేం ఇవ్వొచ్చు?

రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, క్లోమ గ్రంథి, చిన్నపేగు. ఒక్క మనిషి వల్ల 8 మంది వరకు బతకొచ్చు అనేది ఈ లెక్కే. ఇవి కాక కంటి కార్నియా, చర్మం, ఎముకలు, గుండె కవాటాలు కూడా తీసుకుంటారు. అన్నీ ఇవ్వాలనేం లేదు, ఏవి ఇస్తారో మీరే ఎంచుకోవచ్చు. ఎంచుకున్నవన్నీ పనికొస్తాయా లేదా అన్నది ఆ సమయానికి డాక్టర్లు పరీక్ష చేసి చెబుతారు.

ఎలా చనిపోయినా అవయవాలు ఇవ్వొచ్చా?

ఇది చాలామందికి తెలియదు. ఇంట్లో నిద్రలో పోయినా, గుండెపోటుతో పోయినా, గుండె ఆగిన కొద్ది నిమిషాల్లోనే అవయవాలకు రక్తం అందక పాడవడం మొదలవుతుంది. అందుకే మన దేశంలో చనిపోయినవాళ్ళ నుంచి తీసుకునే గుండె, కాలేయం, కిడ్నీల్లాంటివి దాదాపు అన్నీ బ్రెయిన్ డెడ్ అయి, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళ దగ్గర నుంచే వస్తాయి. తలకి దెబ్బ తగిలిన రోడ్డు ప్రమాదాలు, మెదడులో రక్తనాళం చిట్లడం, ఎక్కువగా ఇవే. అంటే నమోదు చేసుకున్నవాళ్ళలో కూడా చాలా కొద్దిమందికే అసలు ఇచ్చే అవకాశం వస్తుంది. అందుకే ఆ అవకాశం వచ్చిన ఒక్క కుటుంబం వద్దంటే అంత పెద్ద నష్టం. ఆ మాట అన్న కుటుంబం మాది కాబట్టి చెబుతున్నాను.

కళ్ళ సంగతి వేరు. అది కింద రాశాను.

బ్రెయిన్ డెడ్ అంటే కోమానే కదా? గుండె కొట్టుకుంటుంటే మనిషి పోయాడని ఎలా నమ్మేది?

పిన్ని అడిగిందీ ఇదే. బాబాయి చెయ్యి వెచ్చగా ఉంది. ఛాతీ లేస్తోంది, పడుతోంది. మానిటర్ మీద గీత కదులుతోంది. అలాంటి మనిషిని చూపించి "లేడు" అంటే ఏ భార్య నమ్ముతుంది?

నాకు ఒక డాక్టరు గారు చెప్పిన తీరు ఇది. గుండెకి సొంత కరెంటు ఉంటుంది. అది కొట్టుకోవడానికి మెదడు అక్కర్లేదు, ఆక్సిజన్ అందితే చాలు. ఆ ఆక్సిజన్ని వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి తోస్తోంది. ఛాతీ లేచేది మిషన్ వల్ల, మనిషి వల్ల కాదు. ఊపిరి తీసుకోమని చెప్పే భాగం మెదడు కాండంలో ఉంటుంది, మెడ పైన. అది చచ్చిపోతే మళ్ళీ బతికించే మందు లేదు, ఆపరేషన్ లేదు. మిషన్ ఉన్నా కూడా కొన్ని గంటల్లోనో కొద్ది రోజుల్లోనో గుండె తనంతట తానే ఆగిపోతుంది.

కోమా అంటే మెదడు దెబ్బతింది కానీ బతికే ఉంది. కోమాలో ఉన్నవాళ్ళు చాలామంది సొంతంగా ఊపిరి తీసుకోగలరు, కొందరు తేరుకుంటారు. "ఫలానా ఆయన ఆరు నెలలు కోమాలో ఉండి లేచాడట" అని మనం వినేవన్నీ కోమా కథలు. చట్టప్రకారం నిర్ధారణ అయిన బ్రెయిన్ డెత్ నుంచి తిరిగి వచ్చినవాళ్ళు లేరు. చట్టం కూడా దాన్ని మరణంగానే చూస్తుంది.

డాక్టర్లు పొరపాటు పడితే?

అందుకే ఒక్క డాక్టరు చేతిలో పెట్టలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు సంతకాలు చెయ్యాలి: ఆసుపత్రి బాధ్యుడు, వైద్యం చేస్తున్న డాక్టరు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, అనుమతి పొందిన జాబితాలో నుంచి ఇంకో స్పెషలిస్టు. న్యూరో డాక్టరు అందుబాటులో లేకపోతే మత్తు డాక్టరో, ఐసీయూ స్పెషలిస్టో ఆ స్థానంలో ఉండొచ్చు. ఒకసారి కాదు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేస్తారు. అవయవం అమర్చే బృందంలోని డాక్టరు ఈ నలుగురిలో ఉండకూడదు.

పరీక్షలంటే ఏం చేస్తారని కూడా అడుగుతారు. కంట్లోకి టార్చి వేసి కంటిపాప చిన్నదవుతుందా అని చూస్తారు. నల్లగుడ్డుకి దూది అంచు తగిలించి రెప్ప కదులుతుందా అని చూస్తారు. చెవిలోకి మంచులా చల్లటి నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయా అని, గొంతులో గొట్టం ఆడించి దగ్గు వస్తుందా అని చూస్తారు. చివరగా ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేదాకా ఆగి, ఛాతీ ఒక్కసారైనా దానంతటది లేస్తుందేమో అని కనిపెట్టుకుని చూస్తారు. మెదడు కాండంలో కాస్త ప్రాణం ఉన్నా అంత కార్బన్ డయాక్సైడ్‌కి ఊపిరి లాగకుండా ఉండలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, ఆ భగవంతుడు రానీకూడదు, పరీక్షలు ఎలా చేశారో వివరంగా చెప్పమని అడగండి. అడగడం మీ హక్కు. మేం అడగలేదు, ఏం అడగాలో కూడా మాకు తెలియదు.

నేను డోనర్నని తెలిస్తే నాకు సరిగ్గా వైద్యం చెయ్యరేమో?

ఎమర్జెన్సీలో మిమ్మల్ని చూసే డాక్టర్లకి మీరు నమోదు చేసుకున్నారో లేదో తెలియదు, వాళ్ళు చూడరు కూడా. ఆ పని ఉన్న బృందం వేరు, వాళ్ళు రంగంలోకి వచ్చేది బ్రెయిన్ డెత్ దగ్గరకొచ్చాకే. ఇంకో సంగతి, రక్తపోటు, ఆక్సిజన్ పడిపోకుండా మంచి వైద్యం చేసిన మనిషి అవయవాలే పనికొస్తాయి. వైద్యంలో అశ్రద్ధ చేస్తే ఆ అవయవాలూ దక్కవు.

కార్డు ఉంది, సంతకం పెట్టాను. ఇంకేం కావాలి?

మీ ఇంట్లోవాళ్ళకి తెలియాలి. ఈ ఒక్క జవాబు కోసమే ఇదంతా రాస్తున్నాను.

మన దేశంలో మీరు నమోదు చేసుకున్నా సరే, ఆ సమయానికి కుటుంబం ఫారం 8 మీద సంతకం పెడితేనే అవయవాలు తీస్తారు. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, వీళ్ళలో అక్కడ ఉన్నవాళ్ళని అడుగుతారు. వాళ్ళు కాదంటే మీ కార్డు చూపించి ఎవరూ బలవంతం చెయ్యరు. కాబట్టి అసలు నిర్ణయం జరిగేది మీరు ఫారం నింపిన రోజు కాదు. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో, రెండు రోజులుగా తిండీ నిద్రా లేని మీ ఆవిడ కూర్చుని ఉన్నప్పుడు, పక్కన పదిమంది చుట్టాలు పది రకాలుగా మాట్లాడుతున్నప్పుడు జరుగుతుంది. అప్పుడు ఆమె దగ్గర ఉండాల్సింది కార్డు కాదు, మీ నోటితో మీరన్న మాట. "ఆయన నాతో చెప్పారు, అదే ఆయన కోరిక" అనగలిగితే ఆ బరువు ఆమె మీద పడదు.

చట్టం రాసినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉండాలి. కాగితం మీద ప్రతిజ్ఞ చేసే ఫారం 7 మీద ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళలో కనీసం ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. మా బాబాయికి శిబిరంలో ఇచ్చిన కార్డుకి సాక్షి సంతకాలేం లేవు. ఉండి ఉంటే పిన్నికి తెలిసేది.

నమోదు ఎలా చేసుకోవాలి?

పది నిమిషాల పని. అవయవ మార్పిడి వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నోటో (NOTTO) వెబ్‌సైట్‌లో 2023 నుంచి ఆధార్‌తో నమోదు చేసుకునే వీలుంది. ఆధార్ నంబరు కొడితే దానికి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. వివరాలు నింపి, ఏమేం ఇవ్వాలనుకుంటున్నారో టిక్ పెడితే సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. ఏమైనా అనుమానాలుంటే టోల్ ఫ్రీ నంబరు 1800 11 4770. మన రాష్ట్రంలో ఈ కార్యక్రమం జీవన్‌దాన్ పేరుతో నడుస్తుంది, దాని ద్వారా కూడా చేసుకోవచ్చు. ఆన్‌లైన్ అలవాటు లేనివాళ్ళు ఫారం 7 కాగితం మీద నింపొచ్చు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో కూడా ప్రమాదంలో చనిపోతే అవయవాలు ఇస్తారా అని ఒక గడి ఉంటుంది, హడావిడిలో మనం చదవకుండా వదిలేస్తాం.

సర్టిఫికెట్ వచ్చాక ఫోన్‌లో దాచుకోకండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పండగ ఫోటోల మధ్య ఇదేంటని ఎవరైనా అంటారు, అననివ్వండి, అక్కడే మాట మొదలవుతుంది.

నాకు షుగరుంది, బీపీ ఉంది, వయసు అరవై దాటింది. పనికొస్తానా?

నమోదు చేసుకోండి. పనికొస్తుందో లేదో మీరు ముందే తేల్చుకోనక్కర్లేదు. షుగరున్న మనిషి కిడ్నీ పనికి రాకపోయినా కాలేయం రావొచ్చు, కళ్ళు రావొచ్చు. ఒళ్ళంతా పాకిన క్యాన్సర్, హెచ్‌ఐవీ, ఒళ్ళంతా ఇన్ఫెక్షన్, ఇలాంటివి ఉంటే తీసుకోరు. 18 ఏళ్ళు నిండినవాళ్ళు సొంతంగా ప్రతిజ్ఞ చెయ్యొచ్చు. పిల్లల విషయంలో అమ్మానాన్నలు నిర్ణయిస్తారు.

ప్రమాదం కేసు కదా, పోలీసులు, పోస్టుమార్టం, ఇవన్నీ అయ్యేసరికి ఎలా?

రోడ్డు ప్రమాదాల్లో ఈ భయం నిజమే, చుట్టాలు ముందు అనే మాటా ఇదే: "అసలే కేసు, మళ్ళీ ఇదెందుకు?" ఆసుపత్రివాళ్ళే పోలీస్ స్టేషన్‌తో మాట్లాడి అనుమతి తీసుకుంటారు, పంచనామా, పోస్టుమార్టం దానికి తగ్గట్టు కుదురుస్తారు. ఒకప్పుడు చీకటి పడితే పోస్టుమార్టం చేసేవాళ్ళు కాదు, మర్నాడు పొద్దునదాకా కూర్చోవాల్సి వచ్చేది. 2021 నవంబర్‌లో కేంద్రం ఆ నిబంధన మార్చింది. తగిన వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా చెయ్యొచ్చు, అవయవదానం కేసుల్లో అయితే దానికి ప్రాధాన్యం ఇవ్వమన్నారు. హత్య, ఆత్మహత్య లాంటి అనుమానం ఉన్న కేసులకి ఆ రాత్రి వెసులుబాటు మామూలుగా ఉండదు.

ఒళ్ళు ఛిద్రం చేసి ఇస్తారేమో? ఆఖరి చూపుకి బాగుంటుందా?

ఆపరేషన్ థియేటర్‌లో, మామూలు ఆపరేషన్ ఎలా చేస్తారో అలాగే చేసి, కుట్లు వేసి, శుభ్రం చేసి అప్పగిస్తారు. బట్ట కప్పితే ఏమీ కనపడదు. స్నానం చేయించొచ్చు, బొట్టు పెట్టొచ్చు, దండలు వెయ్యొచ్చు, ఏ కార్యక్రమమూ ఆగదు. ఆలస్యం మాత్రం అవుతుంది, అది దాచను. సంతకం పెట్టిన దగ్గర్నుంచి భౌతికకాయం చేతికి రావడానికి సగం రోజు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఖర్చు మాదా? లేక మాకు ఏమైనా ఇస్తారా?

రెండూ కాదు. సంతకం పెట్టాక అవయవాలు కాపాడటానికీ, తియ్యడానికీ, తరలించడానికీ అయ్యే ఖర్చు దాత కుటుంబం భరించనక్కర్లేదని 2014 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అంతకు ముందు జరిగిన వైద్యం బిల్లు వేరు, అది వేరు చేసి చూపించమనండి.

డబ్బు తీసుకుని అవయవం ఇవ్వడం నేరం. 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అప్పుల్లో ఉన్నవాళ్ళకి లక్షలు ఆశచూపి కిడ్నీ తీయించి, చివరికి చేతిలో ఏమీ పెట్టని కేసులు మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కలే పేపర్లలో చూశాం. ఫేస్‌బుక్‌లోనో, ఎవరో ఏజెంటు ద్వారానో "కిడ్నీ కావాలి, ఇంత ఇస్తాం" అని వస్తే అది దానం కాదు, వెంటనే పోలీసులకి చెప్పండి.

ఇచ్చిన అవయవాలు డబ్బున్నవాళ్ళకే వెళ్తాయట కదా?

ఈ అనుమానం వల్లే చాలామంది వెనకడుగు వేస్తారు, కోపగించుకోవాల్సిన పని లేదు, అడగాల్సిన ప్రశ్నే. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే అవయవాలకి వెయిటింగ్ లిస్టు ఉంటుంది. బ్లడ్ గ్రూపు, రోగి పరిస్థితి ఎంత విషమంగా ఉంది, ఎంత కాలంగా ఎదురుచూస్తున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఇవి చూసి జీవన్‌దాన్ కేటాయిస్తుంది. రాష్ట్రంలో సరిపడేవాళ్ళు లేకపోతే దక్షిణాది రాష్ట్రాల జాబితాకి, అక్కడా లేకపోతే దేశం మొత్తానికి వెళ్తుంది. 2023లో కేంద్రం ఇంకో మార్పు తెచ్చింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళు కూడా పేరు రాయించుకోవచ్చు, ఏ రాష్ట్రంలోనైనా రాయించుకోవచ్చు, దానికి ఫీజు తీసుకోకూడదు.

మార్పిడి ఆపరేషన్లు ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయన్న మాట నిజం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెరగాలి. పెరగొచ్చని మన గుంటూరే చూపించింది, 2016లో గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. దేశంలో మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో, అదీ ప్రభుత్వ ఆసుపత్రే, చేసిన డాక్టర్ పి.వేణుగోపాల్ మన రాజమండ్రి ఆయన. ఆ రోజు గుర్తుగానే ఇప్పుడు ఆగస్టు 3న భారత అవయవదాన దినం జరుపుతున్నారు.

గ్రీన్ చానెల్ అని ట్రాఫిక్ ఆపుతారు, అంత తొందరెందుకు?

గుండె బయటకు తీశాక 4 నుంచి 6 గంటల్లోపు ఇంకొకరి ఛాతీలో కొట్టుకోవాలి. ఊపిరితిత్తులకీ దాదాపు అంతే. కాలేయానికి 8 నుంచి 12 గంటలు, కిడ్నీకి ఒక రోజు దాకా టైముంటుంది. గుంటూరు నుంచి విజయవాడ ఊళ్ళోంచి గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళాలంటే మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు దాటాలి. సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్ ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? పోలీసులు సిగ్నల్ తర్వాత సిగ్నల్ ఖాళీ చేస్తూ ఆ అంబులెన్సుని పంపిస్తారు. ఈసారి మీ బండి ఆపితే హారన్ కొట్టకండి, ఆ ఐస్ పెట్టెలో ఎవరింటి మనిషో ఉన్నాడు.

మన మతం ఒప్పుకుంటుందా? వచ్చే జన్మలో ఆ అవయవం లేకుండా పుడతామంటారు కదా?

మా పెద్దత్తయ్య ఆసుపత్రిలో అన్నమాటా ఇదే: "కళ్ళు తీస్తే వాడు పై లోకంలో దారెలా చూస్తాడు?" ఆమెని తప్పుపట్టను, తమ్ముడి మీద ప్రేమతో అన్నది. కానీ మనవాళ్ళ కథలే ఇంకో మాట చెబుతున్నాయి. దధీచి మహర్షి వెన్నెముక ఇచ్చాడు, వజ్రాయుధం అయింది. శిబి చక్రవర్తి తొడ కోసి ఇచ్చాడు. శ్రీకాళహస్తికి ఎన్నిసార్లు వెళ్ళాం, అక్కడి తిన్నడు శివుడికి తన కన్ను పెకలించి పెట్టి, రెండో కన్నుకీ సిద్ధపడ్డాడు. గుడ్డివాడిగా పుట్టాడని ఎవరైనా అన్నారా? కన్నప్ప అని దణ్ణం పెట్టుకుంటున్నాం. ఇక దేహం చితి మీద బూడిదయ్యేదే అని మన శాస్త్రమే చెబుతుంది, ఆ బూడిదయ్యే కళ్ళే ఇమ్మంటున్నారు.

గుంటూరులో చర్చికి వెళ్ళే స్నేహితులు అడిగితే, 2000లో రోమ్‌లో జరిగిన అవయవ మార్పిడి సదస్సులో పోప్ రెండో జాన్ పాల్ దీన్ని నిజమైన ప్రేమతో చేసే పనిగా మెచ్చుకున్నారని చెబుతాను. ముస్లిం పెద్దల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, అయితే జెడ్డాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లోనే షరతులతో అనుమతించింది. మీ మసీదు ఇమామ్‌గారితో, మీ పాస్టర్‌గారితో ఒకసారి మాట్లాడండి, ఆసుపత్రికి వెళ్ళాక కాదు, ఇప్పుడే.

బతికున్నవాళ్ళే కిడ్నీ ఇస్తున్నారు కదా, పోయినవాళ్ళ దగ్గర తీసుకోవడం దేనికి?

ఇస్తున్నారు, కానీ ఎవరిస్తున్నారో చూడండి. దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, తీసుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. అమ్మ ఇస్తుంది, భార్య ఇస్తుంది. ప్రేమతోనే ఇస్తారు, కాదనను, కానీ కాదనే స్వేచ్ఛ ఎంతమందికి ఉంటుందో నాకు అనుమానమే. చట్టప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాతలు అమ్మమ్మలు నాయనమ్మలు, మనవలు మనవరాళ్ళు దగ్గరి బంధువులు. వీళ్ళలో ఎవరిదీ సరిపోకపోతే? ఇంట్లో ఇచ్చేవాళ్ళే లేకపోతే? పైగా గుండె, రెండు ఊపిరితిత్తులు బతికున్న మనిషి ఎలా ఇస్తాడు?

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల గురించి మీరు వినే ఉంటారు. కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉన్న ఊళ్ళు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు రోజులు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద. కూలికి వెళ్ళే మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే, తోడు వచ్చిన మనిషి కూలి కూడా. ఆ ఇంట్లో ఇంకొకరికీ కిడ్నీ సరిగ్గా లేకపోతే ఎవరిచ్చేది?

చనిపోయాక అవయవాలిచ్చినవాళ్ళు దేశం మొత్తంలో ఏడాదికి వెయ్యి దాటింది 2023లోనే, అదే మొదటిసారి. 140 కోట్ల మందిలో వెయ్యి. అంటే పది లక్షల మందికి ఒకరు కూడా లేరు. స్పెయిన్‌లో పది లక్షలకి 40 మందికి పైనే ఇస్తున్నారు.

ఇంట్లో మామూలుగా చనిపోతే ఏమీ ఇవ్వలేమా?

కళ్ళు ఇవ్వొచ్చు, ఇది ప్రతి ఇంట్లో జరగగలిగిన దానం. ముందు నమోదు చేసుకోకపోయినా కుటుంబం ఒప్పుకుంటే చాలు. చనిపోయిన 6 గంటల్లోపు తీసుకోవాలి కాబట్టి చుట్టాలకి ఫోన్లు చేసేముందే నేత్రనిధికి ఫోన్ చెయ్యాలి. వాళ్ళే ఇంటికి వస్తారు, పావుగంట, ఇరవై నిమిషాల పని. వాళ్ళు వచ్చేలోపు కళ్ళు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. ఫ్యాన్ ఆపెయ్యండి, ఏసీ ఉంటే వేసి ఉంచండి. అద్దాలు వాడినా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరున్నా ఇవ్వొచ్చు. మీ దగ్గరి నేత్రనిధి నంబరు ఈరోజే ఫోన్‌లో వేసుకోండి, ఆ గంటలో వెతుక్కోలేరు.

దేహదానం కూడా ఇదేనా?

కాదు. అది మెడికల్ కాలేజీలో పిల్లలు చదువుకోవడానికి మొత్తం శరీరం ఇవ్వడం. మన దగ్గర సిద్ధార్థ, గుంటూరు మెడికల్ కాలేజీల అనాటమీ విభాగాల్లో కనుక్కోవచ్చు. అవయవాలు తీశాక మామూలుగా దేహదానానికి తీసుకోరు, కళ్ళు ఇచ్చాక అయితే తీసుకుంటారు. రెండింటికీ రాసి పెట్టుకోవచ్చు, అప్పుడు ఏది కుదిరితే అది.

ఎవరికి అమర్చారో మాకు చెబుతారా?

చెప్పరు. వాళ్ళకీ మీ పేరు చెప్పరు. కొందరికి ఇది బాధే, ఆ గుండె చప్పుడు ఒక్కసారి వినాలని ఉంటుంది. కానీ రెండు కుటుంబాల మధ్య డబ్బు, మొహమాటం, ఒత్తిడి రాకుండా పెట్టిన పద్ధతి.

తర్వాత మనసు మారితే?

మార్చుకోవచ్చు, ఎవరూ అడగరు. నమోదు రద్దు చేసుకుని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

అంతా బాగానే ఉంది, ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తేది? అశుభం అంటారు.

అంటారు. మా అమ్మా అంది. ఆదివారం మధ్యాహ్నం, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నేను చావు గురించి ఎత్తలేదు, బాబాయి కార్డు గురించి ఎత్తాను. "అమ్మా, ఆరోజు పిన్నికి తెలిసుంటే ఏం చేసేది?" అన్నాను. అమ్మ ఈనె తీస్తున్న చెయ్యి ఆపింది. "సంతకం పెట్టేది" అంది. కాసేపాగి, "మరి నీ సంగతి నాకు తెలియాలి కదా" అంది. అప్పుడు నా సర్టిఫికెట్ చూపించాను. ఎవరింట్లోనైనా ఇలాంటి ఒక సంగతి ఉంటుంది, పక్కింటాయన ప్రమాదమో, పేపర్లో వచ్చిన గ్రీన్ చానెల్ వార్తో, అక్కడ మొదలుపెట్టండి. మీ గురించి ముందు చెప్పండి, వాళ్ళది తర్వాత అడగండి.

అమ్మకి అరవై ఎనిమిది, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. "నాది కూడా నింపు" అంది. ఫోన్ తీసి ఆధార్ నంబరు కొట్టాను. ఓటీపీ మాత్రం హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి ఫోన్‌కి వెళ్ళింది, ఆమె ఆధార్‌కి లింకైంది వాడి నంబరే. అమ్మే ఫోన్ చేసింది. "ఒరే, నీకేదో నంబరు వచ్చింది, చెప్పు" అంటే వాడు కంగారుపడి, "ఎవరికీ చెప్పొద్దమ్మా, దేనికది?" అన్నాడు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి, అమ్మ వాడికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.